మైపాడు ఇసుకా చాలదు!

చదరంగం పలక మీద ఒక్క గింజతో మొదలై ఇరవై అంకెలకు చేరిన సంఖ్య అది. వెయ్యేళ్ల నాటి తెలుగు గణితకారుడి పేరుతో ఓ పద్యంలో ఒదిగింది. మహా గణితవేత్త ఫెర్మా అంచనాను తప్పని తేల్చిన లెక్క దాని కడుపులోనే ఉంది. ఇప్పుడు మన జేబులోని సెల్‌ఫోన్‌లో కూర్చుంది. గొలుసుకట్టు స్కీముల గుట్టు కూడా అదే విప్పుతుంది. ఇంతకీ ఏమిటా సంఖ్య?

నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు. దారి పొడవునా వరి పొలాలు, రొయ్యల గుంటలు. ఇందుకూరుపేట మండలంలోని మైపాడు చేరితే ఎదురుగా బంగాళాఖాతం. ఆదివారం సాయంత్రమైతే చాలు, తీరమంతా తిరునాళ్లే. పెద్దలు అలల్లో కాళ్లు తడుపుకొంటుంటే, పిల్లలు గుడులూ గోపురాలూ కట్టేస్తుంటారు. ఆ ఆటలో ఏదో ఒక క్షణాన ఏ పిల్లాడో గుప్పెడు ఇసుక తీసి, నాన్న మీదికి ఓ ప్రశ్న విసురుతాడు... ‘ఇందులో ఎన్ని రేణువులుంటాయి?’

నవ్వేసి ఊరుకోనక్కర్లేదు. ఉజ్జాయింపుగా లెక్క కట్టొచ్చు. ఒక్కో రేణువు అర మిల్లీమీటరు ఉందనుకుంటే, ఒక ఘనపు మిల్లీమీటరులో ఎనిమిది పడతాయి. ఆ లెక్కన టీ చెంచాలో దాదాపు 40 వేలు. పిల్లాడి గుప్పెట్లో సుమారు అయిదు లక్షలు. పది లీటర్ల బకెట్టులో ఎనిమిది కోట్లు!

మరి ఈ రేణువుల్ని ఒకచోట రాశిగా పోస్తూ... 1,84,46,74,40,73,70,95,51,615 దాకా లెక్కపెట్టాలంటే? సులువుగా చెప్పాలంటే అది సుమారు లక్షా 84 వేల 467 కోట్ల కోట్లు. అన్ని రేణువులు కావాలంటే వంద మీటర్ల వెడల్పు, మీటరు లోతున ఇసుక తవ్వుకుంటూ తీరం వెంట 23 వేల కిలోమీటర్లు పోవాలి. కొత్త కొలతల ప్రకారం మన దేశ తీర రేఖ మొత్తం 11 వేల కిలోమీటర్ల పైచిలుకే. అంటే మైపాడు ఇసుకే కాదు, గుజరాత్ నుంచి బెంగాల్ దాకా ఉన్న తీరమంతా కలిపినా సగానికి మించదు!

ఇంత పెద్ద సంఖ్య పుట్టింది మాత్రం ఒకే ఒక్క బియ్యపు గింజ నుంచి.

ఒక్క గింజతో మొదలు

కథ చాలామందికి తెలిసిందే. చదరంగం కనిపెట్టిన పండితుణ్ని మెచ్చుకుని రాజుగారు ‘ఏం కావాలో కోరుకో’ అన్నాడట. ‘పలకలో మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు... ఇలా 64 గళ్లకీ రెట్టింపు చేస్తూ ఇప్పించండి చాలు’ అన్నాడట పండితుడు. ‘ఇంతేనా’ అని రాజు నవ్వాడు. కొలవడం మొదలెట్టాక ఆ నవ్వు మాయమైంది. ఆ పండితుడి పేరు సిస్సా అని 13వ శతాబ్దపు అరబ్బు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ రాశాడు. అంతకు రెండు శతాబ్దాల ముందే అల్ బిరూనీ ఈ గళ్ల లెక్క కట్టి చూపించాడు.

రాజు ఎందుకు మోసపోయాడో తెలియాలంటే గడి గడికీ ఆగి చూడాలి. కిలో బియ్యానికి 50 వేల గింజలనుకుందాం. మొదటి వరస ఎనిమిది గళ్లూ నిండేసరికి వచ్చేది 255 గింజలు. ఓ చారెడైనా కాదు. రెండు వరసలు నిండితే 65,535... కిలోంబావు దాటతాయంతే. ఇక్కడిదాకా రాజు నవ్వుతూనే ఉండి ఉంటాడు. 21వ గడి ఒక్కదానికే 21 కిలోలు. సగం పలక, అంటే 32 గళ్లు నిండేసరికి 4,29,49,67,295 గింజలు. తూస్తే దాదాపు 86 టన్నులు. నెల్లూరు రైతుల పుట్టి 850 కిలోలు కాబట్టి, ఆ తూకంలో 101 పుట్లన్నమాట. ఓ మోస్తరు రాజుకు అదీ లెక్కలోది కాదు.

కథంతా మిగతా సగంలోనే ఉంది. 33వ గడిలో పోయాల్సిన గింజలు, అప్పటిదాకా పోసిన మొత్తం కంటే ఒకటి ఎక్కువ. 34వ గడి దానికి రెట్టింపు. అలా 64వ గడి దాటేసరికి బియ్యం 36,900 కోట్ల టన్నులవుతాయి. ప్రపంచమంతా కలిసి ఇప్పుడు ఏడాదికి పండిస్తున్న బియ్యం సుమారు 53 కోట్ల టన్నులు. ఆ లెక్కన పండితుడి బాకీ తీరాలంటే ప్రపంచంలోని రైతులందరూ ఏడు వందల ఏళ్లపాటు పండించిందంతా ఆయనకే ఇచ్చేయాలి!

చంద్రుడు, కొండలు, సముద్రాలు

ఈ సంఖ్యను తెలుగువాళ్లు పద్యంలో పెట్టుకున్నారు. తెలుగులో దొరుకుతున్న తొలి గణిత గ్రంథం ‘సారసంగ్రహ గణితము’. రాసినవాడు పావులూరి మల్లన. జైన గణితవేత్త మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రాసిన ‘గణితసార సంగ్రహం’ దీనికి మూలం. మల్లన కాలం విషయంలో పండితుల మధ్య వాదాలున్నా, రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడి కాలం వాడని, అంటే నన్నయకు సమకాలికుడని చెబుతారు. పిఠాపురం దగ్గరి నవఖండవాడను ఆయన అగ్రహారంగా పొందాడని ప్రసిద్ధి. చదరంగం గళ్ల మొత్తాన్ని చెప్పే పద్యం ఒకటి ఆయన పేరుతోనే ప్రచారంలో ఉంది.

పద్యంలో అంకెలు వరసగా చెబితే ఛందస్సు ఒప్పుకోదు. గుర్తూ ఉండదు. అందుకే పూర్వికులు ‘భూత సంఖ్యలు’ అనే పద్ధతి పెట్టుకున్నారు. లోకంలో ఏ వస్తువు ఎన్ని ఉంటే ఆ వస్తువు పేరే ఆ అంకెకు పేరు. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్రుడంటే 1. అగ్నులు మూడు. వేదాలు, సముద్రాలు, బ్రహ్మ ముఖాలు నాలుగేసి. మన్మథుడి బాణాలు అయిదు. తర్కాలు ఆరు. కులపర్వతాలు ఏడు. దిక్కుల్ని మోసే ఏనుగులు ఎనిమిది. దేహంలోని రంధ్రాలు తొమ్మిది. ఏమీ లేని ఆకాశం సున్నా!

చదివేటప్పుడు మాత్రం ఓ మెలిక ఉంది. పద్యం ఒకట్ల స్థానం నుంచి మొదలవుతుంది. మొదట చెప్పిన అంకెను కుడి చివర వేసి, తర్వాతివి ఒక్కొక్కటీ దాని ఎడమ పక్కన పేర్చుకుంటూ పోవాలి. అలా పేర్చితే 1 వచ్చిన మూడు చోట్లా చంద్రుడే కనిపిస్తాడు, ప్రతిసారీ వేరే పేరుతో. 7 వచ్చిన మూడు చోట్లా కొండలే. 4 వచ్చిన నాలుగు చోట్ల సముద్రం రెండుసార్లు, వేదం ఒకసారి, బ్రహ్మ ముఖాలు ఒకసారి. 0 వచ్చిన రెండు చోట్లా ఆకాశం. ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పు పోలేదు. కాలిక్యులేటర్ లేని రోజుల్లో 63 సార్లు రెట్టించి, కూడి, దాన్ని మళ్లీ పద్యంలో బిగించడం మాటలు కాదు.

ఈ సంఖ్యలో ఓ తమాషా కూడా ఉంది. పుట్టిందేమో రెండుతో గుణించుకుంటూ పోతే. ఇరవై అంకెల్లో వెతకండి... 2 ఒక్కచోటా కనిపించదు!

ఫెర్మా ఎక్కడ తప్పాడు?

చూడటానికి పెద్దగా ఉన్నా ఈ సంఖ్యను విడగొట్టడం తేలికే. చదరంగం పలకే దారి చూపిస్తుంది. రెండు గళ్లలోని గింజలు 3. నాలుగు గళ్ల మొత్తం 15, అంటే 3ను 5తో గుణిస్తే వచ్చేది. ఎనిమిది గళ్లకు 255... 15ను 17తో గుణించాలి. పదహారు గళ్లకు 65,535... 255ను 257తో గుణించాలి. సగం పలక కావాలంటే దాన్ని 65,537తో గుణించాలి. గళ్లు రెట్టింపైనప్పుడల్లా కొత్తగా ఒక్కో గుణకం వచ్చి చేరుతోందన్నమాట.

3, 5, 17, 257, 65,537... ఈ అయిదూ ప్రధాన సంఖ్యలే. అంటే ఒకటితోనూ, వాటితో అవీ తప్ప ఇంకే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగించలేం. 17వ శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన పియర్ ఫెర్మా ఈ వరస చూసి ముచ్చటపడ్డాడు. ఇదే పద్ధతిలో ఎంత దూరం పోయినా వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని నమ్మాడు. వృత్తి న్యాయశాస్త్రమైనా గణితంలో ఆయన మాటకు తిరుగులేని రోజులవి.

సగం పలక నుంచి పూర్తి పలకకు వెళ్లాలంటే కావాల్సిన ఆరో గుణకం 4,29,49,67,297. అదీ ప్రధాన సంఖ్యేనా? ఫెర్మా పోయాక అరవై ఏళ్లకు పైగా ఎవరూ తేల్చలేకపోయారు. 1732లో ఆయిలర్ ఆ పని చేశాడు. 641ని 67,00,417తో గుణిస్తే సరిగ్గా ఆ సంఖ్యే వస్తుందని చూపించాడు. కాగితం, కలం ఉంటే ఎనిమిదో తరగతి పిల్లలు కూడా గుణించి సరిచూసుకోవచ్చు. కనిపెట్టడమే కష్టం, కనిపెట్టాక సరిచూడటం ఎంతసేపు! ఆ తర్వాత ఆ వరసలో ఇప్పటిదాకా పరీక్షకు లొంగిన సంఖ్యల్లో మరొక్కటి కూడా ప్రధాన సంఖ్య కాలేదు. అయిదు ఉదాహరణలు సరిపోయాయి కదా అని ఆరోదీ సరిపోతుందనుకుంటే ఫెర్మా అంతటివాడికే కుదరలేదు.

అలా మన చదరంగం సంఖ్య ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం... 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. వీటిలో కొన్నిటిని ఎంచుకుని గుణిస్తూ పోతే దానికి మొత్తం 128 భాజకాలు వస్తాయి. ఆ 128 ఎక్కడో విన్నట్టుందా? పలక మీద ఎనిమిదో గడిలోని గింజలు అన్నే!

సగం పలకకూ ఓ ప్రత్యేకత ఉంది. స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి అన్ని భుజాలూ సమానంగా ఉండే 17 భుజాల బొమ్మ గీయవచ్చని 1796లో గాస్ నిరూపించాడు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్లు నిండలేదు. అలా గీయగల బేసి భుజాల బొమ్మల్లో ఇప్పటిదాకా తెలిసినవి 31. వాటి భుజాల సంఖ్యలన్నీ సగం పలక సంఖ్య భాజకాలే. అన్నిటికంటే పెద్దదానికి 4,29,49,67,295 భుజాలు. అచ్చంగా సగం పలకలోని గింజలెన్నో అన్ని!

జేబులో చదరంగం

ఇప్పుడు పలక మీది గడిని దీపం స్విచ్చి అనుకోండి. వేస్తే ఆ గడిలోని గింజలు లెక్కలోకి వస్తాయి, తీసేస్తే రావు. మూడో గడి, ఆరో గడి, ఏడో గడి వేసి మిగతావి తీసేస్తే... 4, 32, 64 కలిపి వంద. ఇలా ఏ సంఖ్యనైనా స్విచ్చులతోనే చెప్పొచ్చు. అదీ ఒకే ఒక్క విధంగా. కంప్యూటర్ చేసే పని ఇదే. ఆ స్విచ్చు పేరే బిట్.

64 స్విచ్చులూ వేస్తే వచ్చేది చదరంగం సంఖ్య. 64 బిట్ల కంప్యూటర్, సెల్‌ఫోన్ ఒకే విడతలో పట్టుకోగల అతి పెద్ద పూర్ణ సంఖ్య అది. ఒక స్విచ్చిని కూడిక, తీసివేత గుర్తుకు కేటాయిస్తే 63 గళ్ల మొత్తం దగ్గర ఆగాలి.

ఇంత పెద్ద సంఖ్యతో మామూలు మనుషులకు పనేంటి అనుకోకండి. ‘గంగ్నమ్ స్టైల్’ పాటను చూసినవారి సంఖ్య యూట్యూబ్‌లో 214 కోట్లు దాటినప్పుడు లెక్కపెట్టే మీటరే చాలకుండా పోయింది. అది 31 గళ్ల మీటరు మరి! దాని హద్దు 2,14,74,83,647. అందుకని మీటరును 63 గళ్లకు పెంచినట్టు 2014 డిసెంబరులో యూట్యూబ్ చమత్కారంగా ప్రకటించింది. కొత్త హద్దు 92,23,37,20,36,85,47,75,807.

ఇలాంటి చిక్కే 2038 జనవరి 19న ఇంకోటి కాచుకుని ఉంది. చాలా కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతూ తేదీ చెబుతాయి. పాత రకం యంత్రాల్లో ఆ లెక్క 31 గళ్లలోనే ఉంది. ఆ రోజుతో గళ్లు నిండిపోతాయి. 63 గళ్లకు మారిన యంత్రాలకు మాత్రం ఇంకో 29 వేల కోట్ల సంవత్సరాలు బెంగ లేదు.

గొలుసు ఎక్కడ తెగుతుంది?

ఇదంతా ఆటవిడుపు లెక్క అనిపించవచ్చు. కానీ రాజుగారు చేసిన పొరపాటే ఇప్పటికీ మన ఇళ్లలో జరుగుతోంది.

‘మీరు చేరండి, మరో ఇద్దర్ని చేర్పించండి, వాళ్లు చెరో ఇద్దర్ని చేర్పిస్తారు... ఇంట్లో కూర్చుంటే డబ్బే డబ్బు’ అంటూ గొలుసుకట్టు స్కీములు ఏటా కొత్త పేర్లతో వస్తూనే ఉంటాయి. చెప్పేది బంధువో, పక్కింటివాళ్లో కావడంతో కాదనలేం. ‘ఇద్దరేగా!’ అనుకుంటాం. రాజుగారు కూడా ‘ఒక్క గింజేగా!’ అనుకున్నాడు.

పలక తీసి లెక్క చూడండి. పైన ఒకరు, కింద ఇద్దరు, వాళ్ల కింద నలుగురు... ఇలా 22 వరసలు నిండాలంటే 41,94,303 మంది కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం నెల్లూరు జిల్లాలో చంటిబిడ్డలతో సహా ఉన్నది 29.6 లక్షల మందే. 31 వరసలకు 214 కోట్ల మంది కావాలి. దేశ జనాభా చాలదు. 33 వరసలకు ప్రపంచ జనాభా కూడా చాలదు. అంటే గొలుసు తెగడం ఎవరి దురదృష్టమో కాదు. మొదటి మనిషి చేరిన రోజే అది ఖాయమైపోయింది.

తెగిన రోజున మునిగేదెవరు? దానికీ పలకే జవాబు చెబుతుంది. చివరి గడిలోని గింజలు, దాని ముందున్న అన్ని గళ్ల మొత్తం కంటే ఒకటి ఎక్కువని చూశాం కదా. పది వరసల దగ్గర గొలుసు తెగిందనుకోండి. చేరినవాళ్లు 1,023 మంది. చిట్టచివరి వరసలో 512 మంది. వాళ్లకి పైసా రాదు. వాళ్ల పైవరసతో కలిపితే 768. నలుగురిలో ముగ్గురు ఆ కింది రెండు వరసల్లోనే ఉంటారన్నమాట. ఏ వరస దగ్గర తెగినా ఈ లెక్క మారదు. అందుకే 1978లోనే ఇలాంటి స్కీముల్ని నిషేధిస్తూ కేంద్రం చట్టం చేసింది. నడపడమే కాదు, చేర్పించడమూ ఆ చట్టం కింద నేరమే.

అప్పుల సంగతీ అంతే. నూటికి రెండు రూపాయల వడ్డీ వినడానికి చిన్నదే. వడ్డీ కట్టక చక్రవడ్డీ పడితే 35 నెలల్లో అసలు రెట్టింపవుతుంది. పలక మీద ఒక గడి జరిగినట్టు! అయిదు రూపాయల వడ్డీకైతే ఆ గడి జరగడానికి పద్నాలుగు నెలలు దాటితే చాలు. మొదటి ఒకటి రెండు గళ్లు దాటేదాకా అప్పు చేసినవాడు రాజులాగే ధీమాగా ఉంటాడు.

లెక్కల పుస్తకంలో ‘గుణశ్రేఢి’ అని పేరు చూసి భయపడే పిల్లలకు దాన్ని మైపాడు ఇసుకలో కూర్చోబెట్టి చెప్పొచ్చు. పుల్లతో 64 గళ్లు గీసి, మొదటి గడిలో ఒక్క రేణువు వేయమనండి. పదో గడి దాకా ఓపిగ్గా లెక్కపెడతారు. ఇరవయ్యో గడికి గుప్పెడు ఇసుక కావాలి. ఇరవయ్యేడో గడికి బకెట్టు దాదాపు నిండుతుంది. 34వ గడికి మీటరు పొడవు, వెడల్పు, ఎత్తున్న తొట్టె కావాలి. ‘ఇంకా ముప్ఫై గళ్లున్నాయి’ అని గుర్తు చేసి చూడండి... పిల్లాడు తలెత్తి తీరం ఈ కొస నుంచి ఆ కొస దాకా చూస్తాడు. ఆ చూపు పెద్దయ్యాక కూడా గుర్తుంటే, ‘ఇద్దర్ని చేర్పిస్తే చాలు’ అనేవాడు వాళ్ల గుమ్మం ముందు ఎక్కువసేపు నిలబడలేడు.

ఇంకొన్ని విశేషాలు

* ఫ్రెంచి గణితవేత్త ఎడువార్ లూకా 1883లో ‘హనోయ్ బురుజు’ అనే ఆటబొమ్మ తెచ్చాడు. ఒక కడ్డీకి ఉన్న పళ్లేలన్నిటినీ, చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా మరో కడ్డీకి మార్చాలి. కాశీలోని ఓ గుడిలో 64 బంగారు పళ్లేల్ని ఇలాగే మారుస్తున్నారని దానికో కథ కూడా జోడించారు. 64 పళ్లేలకు కనీసం ఎన్ని కదలికలు కావాలో తెలుసా? సరిగ్గా చదరంగం సంఖ్య! సెకనుకు ఒకటి చొప్పున కదిపితే 58 వేల కోట్ల సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలే.

* 1, 2, 4, 8, 16, 32 కిలోల తూకపు రాళ్లు ఆరుంటే చాలు... ఒకటి నుంచి 63 కిలోల దాకా ఎన్ని కిలోలైనా తూచొచ్చు. ఏడో రాయిగా 64 కిలోలది చేరిస్తే 127 దాకా.

* చదరంగం సంఖ్యలోని అంకెలన్నీ కూడితే 87. అది 3తో నిశ్శేషంగా పోతుంది, 9తో పోదు. సంఖ్య కూడా అంతే!

* ఇసుక రేణువుల్ని లెక్కించాలన్న సరదా పిల్లలకే కాదు, ఆర్కిమెడిస్‌కూ ఉండేది. తన కాలంలో ఊహించిన విశ్వాన్ని మొత్తం ఇసుకతో నింపితే ఎన్ని రేణువులు పడతాయో ఆయన లెక్క కట్టాడు. ఆయనకు వచ్చిన జవాబు ఒకటి పక్కన 63 సున్నాలకు మించదు. దాని ముందు మన ఇరవై అంకెల సంఖ్య ఇసుక రేణువంత!